నర్సమ్మ బీరువా తలుపు

పాత చెక్కసామాను బాగుచేసే ఆయన్ని ఊరంతా ‘రేపు మేస్త్రీ’ అనేవారు. పనితనానికి వంక పెట్టినవాళ్ళు లేరు. ఎప్పుడిస్తావని అడిగితే మాత్రం ఒకటే మాట, రేపు. ఆ పేరు విని ఆయన కూడా నవ్వేసేవాడు.

ఆస్పత్రి ఉద్యోగం నుంచి రిటైరైన నర్సమ్మ వేసవిలో తన టేకు బీరువా ఆయన కొట్లో దించింది. వాళ్ళమ్మ నాటిది. కాలు ఒకటి కదులుతోంది, పూట పని. తలుపు లోపలివైపు అతికించిన పలచటి చెక్కపొర నిండా పెన్సిలు గీతలు.

“నా చేతుల మీదుగా పుట్టిన పిల్లలు మేస్త్రీ. కాన్పు చేసి ఇంటికి రాగానే ఒక గీత గీసేదాన్ని. పాలిష్ అంటూ వాటి జోలికి పోకు” అని మరీ మరీ చెప్పింది.

తర్వాత నాలుగుసార్లు వచ్చి అడిగింది. నాలుగుసార్లూ రేపే.

వానలకి కాలువ పొంగి కొట్లోకి మోకాలిలోతు నీళ్ళొచ్చాయి. నాలుగో రోజు లోపలికి వెళ్ళి చూస్తే బీరువా బురదలో బోర్లా పడి ఉంది. తలుపు పొర బొబ్బలెక్కి, మీద నల్లగా బూజు పట్టింది. మేస్త్రీ దాన్ని లేపి గోడకి ఆనించాడు.

“ముందు ఆవిడకి చెప్పెయ్యండి” అంది భార్య.

“ఏమని చెప్పను? పూట పనికి నాలుగు నెలలు తిప్పి, ఆఖరికి నీళ్ళపాలు చేశానని చెప్పనా? బాగుచేసి చెప్తా.”

తలుపు ఊడదీసి నీడలో ఆరబెట్టాడు. మిగతా పనులన్నీ పక్కన పడేశాడు. దూదితో బూజు తుడుస్తుంటే ఒక్కొక్క గీతా బయటపడింది. బొబ్బని బ్లేడుతో సన్నగా చీల్చి, సిరంజితో బంక ఎక్కించి, పైన ఇటుకలు పెట్టేవాడు. అలా పది బొబ్బలు అణిగాయి. ఇంకో నెల ఆగితే తలుపు బతికేదే.

అప్పుడు నర్సమ్మ ఫోన్ చేసింది. “మా చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నాను మేస్త్రీ. గురువారం లారీ వస్తుంది. ఎలా ఉన్నా సరే, బీరువా పట్టుకుపోతాను.”

“అలాగేనమ్మా” అన్నాడు. తలుపు సంగతి చెప్పలేదు.

తడి చెక్కకి వేడి తగలకూడదని ఎంతమందికి చెప్పాడో. బుధవారం మధ్యాహ్నం తనే మిగిలిన బొబ్బల మీద గుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె పెట్టాడు. మొదటి బొబ్బ అణిగింది. రెండోదీ అణిగింది. మూడోదాని దగ్గర పొర టప్పున చిట్లి, ఎండుటాకులా చుట్టుకుపోయింది. వేలు పెడితే పెళుసుగా రాలింది. ముక్కలన్నీ పళ్ళెంలోకి ఏరి, ఏది ఎక్కడిదో అతికిద్దామని సాయంత్రం దాకా తంటాలు పడ్డాడు. గీతలన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

మర్నాడు నర్సమ్మ వచ్చి తలుపుని చాలాసేపు చూసింది.

“వరదకేనా?”

“కాదమ్మా. వరదకి పోగా మిగిలింది నిన్న నేను తగలేశాను. మీరొస్తున్నారని తొందరపడ్డాను.”

“ఇన్ని నెలలు లేని తొందర నిన్నే వచ్చిందా?”

 కొత్త తలుపు చేసిస్తానన్నాడు మేస్త్రీ.

“కొత్తది నేనేం చేసుకోను? ఆ ముక్కలు కవర్లో వెయ్యి. తలుపొక్కటీ పట్టుకుపోతాను. బీరువా నువ్వే ఉంచుకో.”

తలుపుని దుప్పట్లో చుట్టి ఆవిడే పట్టుకుంది, సాయం పట్టనివ్వలేదు. క్షమించమని అడగడానికి ఆయనకి మొహం చెల్లలేదు.

ఆ తర్వాత ఆయన ఎవరి సామానూ కొట్టుకి తెప్పించలేదు. సంచి పట్టుకుని వాళ్ళింటికే వెళ్ళి, పని తెమిలాకే లేస్తాడు. నర్సమ్మకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. రెండు నెలలకి ఆవిడే చేసింది.

“ఈ ముక్కలకి ఏ బంక పెట్టాలి?”

“నేనొచ్చి అతికిస్తానమ్మా.”

“వద్దు. పేరు చెప్పు చాలు.”

చెప్పాడు. ఆవిడ రాసుకుని పెట్టేసింది. మళ్ళీ ఎప్పుడూ చెయ్యలేదు.