శ్రీరామ్మూర్తి దండెం

శ్రీరామ్మూర్తిని వన్ టౌన్‌లో అందరూ గారు అంటారు. నేను అనను. ముప్పై రెండేళ్ళు పోర్టులో గుమాస్తాగా కూచుని, ఓడల్లోంచి దిగిన బస్తాల లెక్కకు గీతలు గీసి, పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో రిటైరైన మనిషి. ఓడ ఇంజను దగ్గరకు ఒక్కరోజూ పోయి ఎరగడు. అయినా ఇంజన్ల గురించీ కరెంటు గురించీ అతనికి తెలియని సంగతి లేదు. కొత్తగా కట్టబోయే ఉక్కు ఫ్యాక్టరీకి పునాదులు ఎంత లోతు తియ్యాలో కూడా అరుగు మీద కూచునే చెప్పేవాడు. ఆ అరుగు పక్క గదిలో అద్దెకుంటున్న పాపానికి అవన్నీ నేను వినాలి.

రిటైరైన మరుసటేడు పెరట్లో నూతికి మోటారూ, దాని పక్కన లైటూ పెట్టాలని బుద్ధి పుట్టింది. భార్య రామలక్ష్మమ్మ తెల్లారకముందే లేచి ఆ చీకట్లోనే నీళ్ళు తోడి బట్టలు ఉతికేది. ఆమె కష్టం చూడలేక అనుకునేరు. ఎదురింటివాళ్ళు మోటారు పెట్టుకున్నారు, అదీ బాధ.

లైసెన్సున్న వైర్‌మన్ వరహాలును పిలిపించాడు. వరహాలు పెరడంతా తిరిగి చూసి చెప్పాడు. మీటరు బోర్డు నుంచి విడిగా లైను రావాలి, దానికి వేరే ఫ్యూజు, వేరే స్విచ్చి ఉండాలి. వైరు గొట్టంలోంచి పోవాలి. స్విచ్చికి వాన పడని మూత ఉండాలి. మోటారుకు ఎర్తు కావాలి, అంటే మనిషి లోతుకు పైన గొయ్యి తీసి, ఇనప గొట్టం దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పోసి పూడ్చాలి. ఆ పైన అదనపు లోడుకు కరెంటాఫీసులో అర్జీ పెట్టి, తను సంతకం చేసిన టెస్టు రిపోర్టు జతచేసి, వాళ్ళొచ్చి చూశాకే స్విచ్చి వెయ్యాలి.

శ్రీరామ్మూర్తి వీటన్నిటిలో ఉప్పును పట్టుకున్నాడు.

“ఏరా వరహాలూ, ఈ ఊర్లో గాలంతా ఉప్పు, నేలంతా ఉప్పు. మల్లీ నాను ఉప్పు కొని పాతాలేటి? నీకు సదువు లేదని నాకూ లేదనుకున్నావా?”

“పైన ఇసక ఎండిపోద్ది బావూ. ఎండిన ఇసక కరెంటు తీసుకోదు. తడి తగిలేదాకా దిగాల,” అన్నాడు వరహాలు. “ఆ ఉప్పుగాలే రేపు వైర్లని తినీసేది కూడా.”

వరహాలును పంపేశాడు. తన పెరట్లో తను బల్బు పెట్టుకోడానికి సర్కారు ముద్ర ఎందుకని వారం రోజులు అరుగు మీద ఉపన్యాసం సాగింది. తరవాత తనే రంగంలోకి దిగాడు. వంటింటి ప్లగ్గులోంచి రెండు పోగుల మెలి వైరు తీసి, తలుపు సందులోంచి బయటికి లాగాడు. బయట దానికి ఆధారం కావాలి గదా. నూతి మీదుగా బట్టలు ఆరేసే ఇనప తీగ దండెం ఉంది. వైరును దానికే చుట్టుకుంటూ, కొత్తగా కొన్న మోటారుదాకా, లైటుదాకా తీసుకుపోయాడు. ఎర్తు పేరుతో మూరెడు చువ్వ ఇసకలో దిగ్గొట్టాడు. మోటారు వేసినప్పుడల్లా ఫ్యూజు పోతుంటే, సన్నటి ఫ్యూజు తీగ పీకేసి లావుపాటి రాగి తీగ కట్టాడు. ఇక పోలేదు. ఫ్యూజు పోయేది మనల్ని బతికించడానికేనని, కాలేజీ మధ్యలో మానేసిన నాక్కూడా తెలుసు. ఆ మాటే అంటే, ముందు పరీక్ష పాసయి రమ్మన్నాడు.

ఏడాది తిరక్కుండా వరహాలు చెప్పినట్టే అయింది. ఉప్పుగాలికి వైరు తొడుగు పగిలింది, తుప్పెక్కిన దండెం దాన్ని గీకింది. ఒకరోజు తడి చీర వేస్తుంటే చెయ్యి జిల్లుమందని రామలక్ష్మమ్మ చెప్పింది. వాతమని తేల్చి కాపడం పెట్టుకోమన్నాడు మొగుడు.

అయిదో రోజున తడి దుప్పటి ఆరేస్తూ ఆమె ఎవరో విసిరికొట్టినట్టు పడింది. కాళ్ళకు రబ్బరు చెప్పులుండబట్టి బతికింది. నేను మెయిను కట్టేసి పరుగెత్తి వెళ్ళేసరికి కుడి అరచేతిలో తీగ మందాన నల్లగా కాలి ఉంది. శ్రీరామ్మూర్తి వచ్చి ముందు మోటారును చూసుకున్నాడు. తడి చేత్తో ముట్టుకుంటే ఏ లైనైనా కొడుతుందనీ, తన లైను లక్షణంగా ఉందనీ తీర్పు చెప్పి మెయిను వేశాడు. తడి బట్టల్ని పొడి చేత్తో ఎలా ఆరేస్తారో ఆ మేధావి చెప్పలేదు.

రామలక్ష్మమ్మ మూడు రోజులు పెరట్లోకి పోలేదు. నాలుగో రోజు పొద్దున్న, ఉతికిన పంచెల బకెట్టు ఎడమచేత్తో మోసుకొచ్చి, నలుగురూ కూచున్న అరుగు మీద అతని ముందు పెట్టింది.

“మీ పంచెలు మీరే ఆరేసుకోండి. లైను మంచిదే గదా.”

నలుగురిలో కాదనలేక లేచాడు. కానీ పెరట్లోకి పోలేదు, మీటరు బోర్డు వైపు నడిచాడు. ఆమె అప్పటికే దాని కింద పీట వేసుకుని కూచుంది.

“మెయినెందుకు కట్టడం? రోజూ నాను ఆరేసినప్పుడు కట్టేరేటి?”

“ఊరికే... ఓపాలి సూద్దారని.”

“సూడక్కర్లేదు. ఎల్లండి.”

ఆమె గొంతు పెంచలేదు. అతను తడి పంచె పట్టుకుని దండెం ముందు నిలబడ్డాడు. నీళ్ళు కారి కాళ్ళ దగ్గర మడుగు కట్టాయి. చెయ్యి ఎత్తాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు. ఇన్నాళ్ళూ పెళ్ళాం చేత ముట్టించిన తీగను ఆ మహానుభావుడు ముట్టలేకపోయాడు. పంచె బకెట్లో పడేసి, నా మొహం చూడకుండా, వరహాలు ఇంటికాడ ఉన్నాడేమో కనుక్కోమన్నాడు.

వరహాలు వచ్చి, ముందు ఆ వైరంతా కోసి పడేశాడు. తరవాత మొదటిరోజు చెప్పినవన్నీ ఒక్కటీ తగ్గించకుండా చేశాడు. కరెంటాఫీసువాళ్ళు వచ్చి పరీక్ష చేసి కాయితం ఇచ్చేదాకా రామలక్ష్మమ్మ స్విచ్చి వెయ్యనివ్వలేదు. దండెం పీకించి, లైనుకు దూరంగా నైలాను తాడు కట్టించింది.

అరుగు మీద శ్రీరామ్మూర్తి ఇప్పుడు, దగ్గరుండి రూల్సు ప్రకారం ఎలా చేయించాడో చెబుతున్నాడు. వినేవాళ్ళు ఉన్నారు. అతని పంచెలు మటుకు ఆమె మళ్ళీ ముట్టుకోలేదు. రోజూ పొద్దున్నే తనే ఆరేసుకుంటాడు. ఆ నైలాను తాడును ముందు చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనక వైపుతో, ఒకటికి రెండుసార్లు తాకి చూసి మరీ.