తెర మీది తూర్పు

2022 ఎండాకాలం. అప్పటికి నేను అర్ధవీడు వైపు అంబులెన్సు నడపబట్టి ఆరేళ్లు. మా వృత్తిలో డ్రైవరును పైలట్ అంటారు. రోగి పక్కన ఉండి ప్రాథమిక చికిత్స చేసేవారిని ఈఎంటీ అంటారు. మా ఈఎంటీ రమీజా, కంభం అమ్మాయి.

ఫోనులో మ్యాపు చూసే తీరులో మా ఇద్దరికీ పడేది కాదు. బండి ముక్కు ఎటుంటే మ్యాపు అటే తిరగాలి నాకు. మలుపు దగ్గర ఆలోచించే పని ఉండదు. ఆమెకేమో బడి గోడకు తగిలించిన పటంలాగా ఉత్తరం ఎప్పుడూ పైనే ఉండాలి. "తల తిప్పే ఓపిక లేక భూమినే తిప్పుతుండావు గదన్నా" అని ఎగతాళి చేసేది. స్టీరింగు నా చేతిలో ఉండేది కాబట్టి నా మాటే చెల్లేది.

ఒక మిట్టమధ్యాహ్నం కాల్ వచ్చింది. గొర్రెలు మేపుకునే పోలయ్యను పాము కరిచింది. ఆయన భార్య లక్ష్మమ్మ సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి మాట్లాడుతోంది. బటన్ల ఫోను, లొకేషన్ పంపే వీలు లేదు.

"నీళ్ల ట్యాంకు దాటినాక రోడ్డు దిగి తూర్పుబాట పట్టుకోండి నాయనా. గొర్రెల దొడ్డి కాడుండాము. ఆయప్పకి రెప్పలు వాలిపోతుండాయి. నేను కిందికి పోతుండా, ఇంక ఫోను కలవదు" అని పెట్టేసింది.

రెప్పలు వాలుతున్నాయంటే విషం నరాలకు ఎక్కుతోందని అర్థం. తర్వాత ఆగేది ఊపిరే. విరుగుడు మందు ఏఎస్వీ ఆసుపత్రిలోనే ఎక్కించాలి.

మా పల్లెల్లో కుడి, ఎడమ అనరు. బస్సులో సీటు అడిగినా "కొంచెం పడమటికి జరుగు" అంటారు. నేనూ బేస్తవారిపేటవాణ్ణే, అట్లాగే పెరిగాను. కానీ ఆరేళ్లు ఫోను తెర చూసి చూసి దిక్కులు మరిచిపోయాను. ట్యాంకు దాటగానే రెండు పక్కలా బాటలు కనిపించాయి. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. పటంలో కుడిపక్క తూర్పే గదా అని తెర మీది కుడిబాటకు తిప్పాను. బండి పోతున్నది దక్షిణానికి, కుడివైపున ఉన్నది పడమర. అది తట్టలేదు.

బాట ఒక ఎండిన వాగు దగ్గర ఆగిపోయింది. దొడ్డి లేదు, మనిషి లేడు. వెనక ఆక్సిజన్ సర్దుతున్న రమీజా ముందుకు వంగి, మ్యాపు మూలనున్న దిక్సూచి గుర్తును నొక్కింది. ఉత్తరం పైకొచ్చింది. శాటిలైట్ బొమ్మ పెడితే రోడ్డుకు ఆవలి పక్కన దొడ్డి గుండ్రటి కంచె కనిపించింది.

"అన్నా, పడమటికి వచ్చినాము" అంది. ఆ పూట ఎగతాళి చేయలేదు. నేను బండి వెనక్కి తిప్పాను.

పావుగంట పోయింది. మేం చేరేసరికి పోలయ్యకు మాట ముద్దముద్దగా వస్తోంది. మార్కాపురం దాకా రమీజా మాస్కుకు తగిలించిన బ్యాగును చేత్తో నొక్కుతూ ఆయనకు గాలి అందిస్తూనే ఉంది. ఆసుపత్రిలో ఏఎస్వీ ఎక్కించారు. బతికాడు.

నాలుగు రోజుల తర్వాత వార్డుకు వెళ్లాను. లక్ష్మమ్మ నా చేతులు పట్టుకుని "దేవుడి మాదిరి వచ్చినావు" అంది. ఉండబట్టలేక దారి తప్పిన సంగతి చెప్పేశాను.

"నాకు తెలుసు నాయనా. మీ బండి దుమ్ము పడమట లేసినప్పుడే చూసినా. ఉరికొచ్చి పిలుద్దామంటే ఈయప్ప నా చెయ్యి ఇడవలే. ఆ దుమ్మునే చూస్తా కూకున్నా."

ఉత్తరం పైనుండే మ్యాపు ఇప్పటికీ నా కళ్లకు నచ్చదు. ప్రతి మలుపులో ఒక క్షణం ఆలోచించుకోవాల్సి వస్తుంది. అయినా డ్యూటీలో అదే పెడతాను. దారి నాకు తెలియనప్పుడు, మ్యాపు ఆ దారి చెప్పే మనిషి దిక్కులకు తగ్గట్టుగా ఉండాలి గానీ నాకు నచ్చినట్టుగా కాదు.