మేము మోసుకొచ్చిన నల్లులు

పాపకు ఏడు నెలలు నిండినంక మేము ఇల్లు విడిచి దేశాల మీద పడ్డం. ఆలోచన మా ఆయనది. కానీ తప్పంత ఆయనదే అని రాస్తె అబద్ధమైతది. సెలవు అయిపోయి మళ్ల ఆఫీసుకు పోవాలంటె నాకు ప్రాణం మీదికి వచ్చేది. "రెండేండ్లు దాటేదాక విమానంల పాపకు సీటు కొనే పని లేదు. ఇప్పుడు పోకుంటె ఇంకెన్నడు పోం," అని ఆయన అంటె నేను గూడ ఎగిరి గంతేసిన. చౌక లాడ్జీలల్ల ఉండుకుంట, దొరికింది తినుకుంట, దారిపొడుగునా వీడియోలు తీసి నెట్ల పెట్టుకుంట ఏడాది తిరగాలనుకున్నం. ఇద్దరం కొలువులు విడిచిపెట్టినం.

మా అత్తగారిల్లు చాంద్రాయణగుట్ట దగ్గర. ముందర వాకిలి, వెనక బర్రెల కొట్టం. అత్తమ్మ పాలు పిండి ఇండ్లకు పోస్తది. "పసిపిల్లను ఎత్తుకొని ఊరూరు తిరుగుడేంది బిడ్డా?" అని ఒక్కసారే అడిగింది. నేను సంచులు సర్దుకుంటనే ఉన్న. పేడెత్తిన చేతులతోని పాపను ముట్టుకుంటదని ఆమెను చూస్తెనే నాకు చీదర పుట్టేది అప్పట్ల. ఆ మాట ఇయ్యాల రాస్తుంటె సిగ్గయితుంది.

థాయ్‌లాండ్‌ల మొదటి నెల మంచిగనే గడిచింది. తర్వాత వియత్నాం. బస్సులల్ల చెత్తబుట్ట ఉండదు గద, పాప డైపర్లను కవర్ల కట్టి ఒళ్లో పెట్టుకొని గంటలు గంటలు కూసునేదాన్ని. పులిసిన పాల వాసన నా జాకెట్లకెల్లి పోయేది కాదు. లాడ్జీల పదిమందికి ఒక్కటే సింకు. అండ్ల ఎవరివో వెంట్రుకల ముద్ద, ఎవరో ఉమ్మిన పేస్టు. అండ్లనే పాప పాలసీసా కడిగేదాన్ని. ముందుగాల ముక్కు మూసుకొని కడిగిన. నెల తిరిగేసరికి ముక్కు మూసుకునుడు గూడ మానేసిన. అన్నిటికంటె అదే అసహ్యం.

ఒకనాడు పొద్దుగాల పాప లేచి ఒకటే ఏడుపు. పైజామా పైకి జరిపి చూస్తె తొడల మీద వరుసగ ఎర్రటి దద్దుర్లు. పరుపు ఎత్తిన. కుట్టు పొడుగునా నల్లులు. ఒకటి ఉబ్బి, నడవలేక నడుస్తుంది. బొటనవేలితోని నలిపిన. వేలంత నెత్తురు. నా బిడ్డ నెత్తురు. ఆ కంపు ఎట్లుంటదో నల్లిని నలిపినోళ్లకే తెలుసు.

నేను పాపను ఎత్తుకోబోతుంటె ఆయన చెయ్యి అడ్డం పెట్టిండు.

"ఆగు, ఎత్తకు. కిటికీల కెల్లి వెలుతురు మస్తుగ వస్తుంది. ఒక్క నిమిషం."

పాప గోక్కుంటుంది. ఆయన ఫోన్ పట్టుకున్నడు. నేనేం చేసిన? పైజామా కిందికి గుంజి దద్దుర్లు కనపడకుండ కప్పిన. జుట్టు సవరించుకున్న. పాపను ఒళ్లో పెట్టుకొని, "మేము మస్తు ఖుషీగున్నం," అని నవ్విన. మధ్యాహ్నం ఆ వీడియో కింద మందంత రాసిన మెచ్చుకోళ్లు సదువుకుంట కూసున్న. పక్కన పాప గోక్కుంటనే ఉంది.

అట్లనే ఇంకో రెండు నెలలు తిరిగినం. లాడ్జీ మారింది, దేశం మారింది, నల్లులు మాత్రం మా సంచులల్లనే వచ్చినయ్. గోకిన చోట పుండ్లయి చీము పట్టినయ్. జ్వరం ఎక్కినంక ఒక చిన్న దవాఖానకు తీస్కపోయినం. డాక్టరమ్మకు మన మాట రాదు, మాకు ఆమె మాట రాదు. ఆమె పుండ్లు చూసింది, మురికి గోర్లు చూసింది, నన్ను పై నుంచి కింది దాక చూసింది. ఫోన్ల తన మాట చెప్పి, తెలుగులకు మార్చి నా ముందర పెట్టింది. "ఈ బిడ్డ తల్లి ఎక్కడుంది?" అని ఉంది అండ్ల.

బయటికొచ్చి ఇంటికి పోదామన్న. ఏడాదిల ఇంకా సగమే అయిందని ఆయన గునిసిండు. నేను వినలే.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ వాకిట్లనే ఉంది. పాపను అందుకొని కాళ్లు చూసింది. తర్వాత సంచి కుట్లు విప్పి చూసింది. "సామాన్ల ఒక్కటి గూడ ఇంట్లకు రావద్దు," అన్నది. వాకిట్ల పొయ్యి ముట్టించి గంగాళం పెట్టి, మా బట్టలన్ని మసలే నీళ్లల్ల వేసి కట్టెతోని తిప్పింది. నీళ్ల మీద నల్లులు తేలినయ్. ఎదురింటి భాయ్ గోడ మీద కెల్లి తొంగిచూసి, "క్యా అమ్మా, ఫారిన్ కా సామాన్ ధో రహే?" అని నవ్విండు.

"సామాన్ కాదు భాయ్, నల్లులు," అన్నది అత్తమ్మ.

అప్పటికే మా ఆయన ఫోన్ తీసిండు. అత్తమ్మ కట్టె పక్కన పెట్టి కొడుకు దిక్కు చూసింది.

"బర్రెకు గోమారి పురుగు పడ్తెనే నాకు నిద్ర రాదు. నీ బిడ్డను నల్లులు తింటె ఫోన్ల తీస్తవా రా?"

ఆయన ఫోన్ జేబుల పెట్టుకున్నడు. కానీ అప్పటికే తీసిన ముక్కను సాయంత్రం పెట్టనే పెట్టిండు. ఆర్నెల్లు తిరిగి తీసినవాటి కంటె ఆ ముక్కనే ఎక్కువమంది చూసిన్రు. ఆయన మొకంల సంబురం చూసి నేను పాపను ఎత్తుకొని అత్తమ్మ దగ్గరికి పోయిన.

పుండ్లు మానేసరికి నెల పట్టింది. మానంగనే, "నేపాల్ దిక్కు పోదామా?" అన్నడు. "నువ్వు పో. పాపను ఇయ్య," అన్న. ఒక్కడే పోయిండు. మూడు వారాలకే తిరిగొచ్చి, అన్నం ముందర కూసొని, "పాప లేకుంటె ఎవ్వరు చూస్తలేరు," అన్నడు. అంత సాదాగ, కూరల ఉప్పు తక్కువైందన్నట్టు. అత్తమ్మ తినే పళ్లెం విడిచి కొట్టంలకు పోయింది. నేను ఆ పూట గట్టిగ పట్టువట్టిన. పాప కనపడే వీడియోలన్ని నా ముందర, ఒక్కొక్కటి తీసేసేదాక పక్కనుంచి లేవలే. ఆయన తీసేసిండు. ఎవరెవరో ఎత్తుకపోయి పెట్టుకున్నవాటిని ఏం చేస్తం?

ఇప్పుడు నేను మలక్‌పేటల ఒక ఆఫీసుకు పోతున్న. ఆయన గూడ కొలువు చూసుకున్నడు. పాప ఆయన మెడ పట్టుకొని ఊగుతది, ఆయనంటె దానికి ప్రాణం. పెండ్లిళ్లల్ల చుట్టాలు కలిసి, "ఇంత చిన్నపిల్లతోని అన్ని దేశాలు తిరిగిన్రు, అదృష్టవంతులు," అంటరు. ఆయన నవ్వి కథలు మొదలుపెడ్తడు. పాపకు అన్నం తినిపియ్యాలని చెప్పి నేను అక్కడికెల్లి లేస్త.