వలసకు ముందు వాకిలి

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే ఇది ఇన్నాళ్లు రాయలేకపోయాను. మొన్న కామారెడ్డిలో కోడలు గేటు ముందు బంతి మొక్కలు నాటుతుంటే, ఆ ఆకుల వాసనకు పాత భయం కదిలింది.

నా చిన్నప్పుడు పిట్లం దగ్గరి మా ఊళ్లో, చెరకు నరకడానికి ఇంటిల్లిపాదీ వలసపోయే ముందు అమ్మ ఏటా వాకిలి అలికి, బంతి నారు నాటేది. ఆ ముస్తాబు చూసి, మా ఇల్లు ఎవరికో ఇచ్చేస్తున్నారని నాకు భయం వేసేది.

"ఎవరొస్తున్నరమ్మా?" అని ఒకసారి అడిగాను.

"ఎవ్వరు రారు. వాకిలి పాడువడితే మనం ఇగ రామనుకుంటరు. పక్కింటి అవ్వ నీళ్లు పోస్తది."

"మరి పూలు ఆమె కోసుకుంటదా?"

"పూలు కోసుకుంటది గని ఇల్లు కోసుకపోతదా, పిచ్చిదానా!"

నవ్వింది కానీ, బయల్దేరిన రోజు బండి మలుపు తిరిగేదాకా వాకిలినే చూసింది. తనకూ భయమేనని ఇప్పుడు తెలుస్తోంది.

కోడలు నాటిన మొక్కలకు మరునాడు పొద్దున్నే, ఇంట్లో అందరూ ఉన్నారో లేదో చూసుకుని, నేనే నీళ్లు పోశాను.