ఓబలప్ప కుందేళ్ళ గాయాలు

ఓబలప్ప గని గేటు దగ్గర ఇరవై ఆరేళ్ళు మనుషులను సోదా చేశాడు. షిఫ్టు ముగించుకొని పైకి వచ్చిన ప్రతి కార్మికుడూ ఆయన ముందు ఆగి, చేతులెత్తి, బూట్లు విప్పి, తలగుడ్డ విదిల్చి చూపించి పోవాలి. బంగారు రాయి ముక్క ఎవరి క్యారియర్ అడుగున ఉందో, ఎవరి నాలుక కింద ఉందో కనిపెట్టడం ఆయన ఉద్యోగం. దొరల కంపెనీ పోయి గనులు సర్కారు చేతికి వచ్చినా ఆ పని మారలేదు. రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా ఆయన చూపు మారలేదు. మాది ఎదురిల్లు. మా అమ్మ గిన్నెలో పులుసు పంపిస్తే, "ఈ దినం ఏమి విశేషం, ఎందుకు పంపించినారు?" అని అడగనిదే తీసుకొనేవాడు కాదు.

తొంభై ఒకటిలో ఆయన భార్య అక్కయమ్మకు లక్కూరులో ఉన్న చెల్లెలు ఒక జత తెల్ల కుందేళ్ళను ఇచ్చింది. ఓబలప్ప పాత పెట్టెల చెక్కలు, తీగ జాలీ తెచ్చి వసారాలో గూడు కట్టాడు. ఏడాది తిరిగేసరికి అవి ఏడయ్యాయి. మనుషులతో ముక్తసరిగా మాట్లాడే మనిషి, వాటి ముందు కూర్చొని ముల్లంగి ఆకులు ఒక్కొక్కటే అందిస్తూ ఏదో ఒకటి చెబుతూ ఉండేవాడు.

ఒకనాటి ఉదయం నేను పాఠాలు చెప్పే స్కూలుకు బయలుదేరుతుంటే పిలిచాడు.

"కుముదమ్మా, చదువుకొన్న దానివి, నువ్వే చూడు. ఇది బ్లేడు కోత అవునా కాదా?"

ఒక పిల్ల కుందేలు తుంటి మీద బొచ్చు ఎర్రగా తడిసి ఉంది. మరొకదానికి వీపు మీద రక్తం ఎండి, నల్లటి పక్కు కట్టి, బొచ్చంతా దానికి అంటుకుపోయింది. నాకేమీ తెలియలేదు. తెలియదనే చెప్పాను.

"నిన్న సాయంత్రం ఆకు పెట్టింది నువ్వే కదా?" అన్నాడు ఆయన, నా ముఖంలోకి చూస్తూ.

ఆ చూపుకు నేను తప్పు చేసినదానిలా తల దించుకున్నాను. తప్పు చేయకపోయినా తల దించుకోవలసి వస్తే ఎంత కోపం వస్తుందో ఆ రోజే తెలిసింది.

మరునాటికి గూటికి తాళం పడింది. నా తర్వాత ఆయన పక్కింటి రామకృష్ణప్ప వంతు వచ్చింది. కుందేళ్ళ వాసన తన ఇంట్లోకి వస్తోందని రామకృష్ణప్ప ఎప్పుడో ఒకసారి అన్నాడట. ఓబలప్ప ఆయన గడ్డం గీసుకొనే చోటికి వెళ్ళి, పారేసిన బ్లేళ్ళు ఏరి, వెలుతురుకు పట్టి చూశాడు. ఆ తర్వాత గూడు ముందు నేలంతా ముగ్గుపిండి చల్లాడు. తెల్లవారి చూస్తే పిండిలో అడుగులు పడి ఉన్నాయి. అవి అక్కయమ్మవి. వసారా ఊడ్చేది ఆమే కదా. అయినా ఆయన ఆమెను నిలబెట్టి, "గూడు దగ్గర ఏమి పని ఉండె నీకు?" అని అడిగాడు. ఆమె చీపురు అక్కడే పడేసి, "ఇంగ నీ కుందేళ్ళు, నీ వసారా, అన్నీ నువ్వే చూసుకో," అని లోపలికి వెళ్ళిపోయింది.

గాయాలు మాత్రం ఆగలేదు. ఆయన దినామూ కుందేళ్ళను ఒళ్ళో పెట్టుకొని, పక్కులు గోటితో లేపి, కింద కోత ఎంత లోతుగా ఉందో చూసేవాడు. పాతదేదో కొత్తదేదో గుర్తు పెట్టుకొనేవాడు. పదోనాడు ఒక కుందేలు వీపు మీద నిమ్మకాయంత గడ్డ లేచింది. అది మేత ముట్టడం మానేసింది. అక్కయమ్మ కోపం మరచి మా ఇంటికి వచ్చింది.

"ఆయప్ప డాక్టరును కూడా నమ్మడు. నువ్వే ఎవరినైనా పిలుచుకొని రా తల్లీ."

బంగారుపేటలో ఒక పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆదివారం తన మనిషిని పంపిస్తానన్నాడు. వచ్చినతను చిన్నన్న. యాభై ఏళ్ళుంటాయి, సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. వాకిట్లోకి వచ్చి ఓబలప్పను చూడగానే ఆగిపోయాడు. ఓబలప్ప కూడా కుర్చీలోంచి లేచాడు.

చిన్నన్న ఒకప్పుడు గనిలో పని చేసినవాడు. అతని మీద ఓబలప్పకు ఎందుకో అనుమానం పట్టుకుంది. మిగతావాళ్ళను ఒకసారి వెతికితే, అతన్ని రెండు సార్లు వెతికేవాడు. అందరి ముందూ నోరు తెరిపించేవాడు. రెండేళ్ళలో ఒక్క రాయి దొరకలేదు. కానీ అన్ని సార్లు వెతుకుతున్నారంటే ఏదో ఉండే ఉంటుందని కార్మికుల ఇళ్ళ లైన్లో జనం అనుకోవడం మొదలుపెట్టారు. చిన్నన్న ఎవరికీ ఏమీ చెప్పకుండా పని మానుకొని బంగారుపేటకు వెళ్ళిపోయాడు. ఇదంతా అక్కయమ్మ నాకు తర్వాత చెప్పింది.

ఆ రోజు నేను చూసింది ఇంతే. చిన్నన్న తన సంచీని తానే నేల మీద పెట్టి, మూతి విప్పి, వెనక్కి జరిగి నిలబడ్డాడు. ఓబలప్ప వంగి ఒక్కొక్క వస్తువూ బయటికి తీశాడు. కత్తెర, దూది, మందు సీసా, పూతమందు డబ్బీ. డబ్బీలోంచి కొంచెం తీసి తన మణికట్టు మీద రాసుకొని, గడియారం చూస్తూ కూర్చున్నాడు. అరగంట చిన్నన్న మెట్టు మీదే ఉన్నాడు.

ఆ తర్వాత కుందేలును తీసుకొని, గాయం చుట్టూ బొచ్చు కత్తిరించాడు.

"బ్లేడు అయితే ఒకటే గీత ఉంటాదన్నా. ఇట్ల చూడు. రెండేసి గాట్లు, పక్కపక్కన. ఇవి కుందేళ్ళు కొరికిన పండ్ల గాట్లు." ఒక్కొక్క పిల్లను వెల్లకిలా తిప్పి చూశాడు. "ఇది పోతు. ఇదీ పోతే. ఇదీ పోతే. వయసుకు వచ్చినాయి. ఒకే గూట్లో పెడితే కరుచుకోకుండా ఎట్ల ఉంటాయి?"

ఓబలప్ప వంగి ఆ గాట్లను వేలితో తడిమి చూశాడు.

"కరిచిన గాయాలు ఎప్పుడో మానిపోవాల. ఈ పక్కులు ఎవరు పీకినారు?"

"లోపల ఎట్ల ఉండాదో చూడాల కదా."

"దినామూ పీకి చూస్తా ఉంటే యాడ మానుతాదన్నా? గోటి మురికి పోయి చీము పట్టింది. పక్కు దానంతట అదే రాలాల."

గోరువెచ్చని ఉప్పునీళ్ళలో గుడ్డ తడిపి గాయాలకు అద్ది, తుడిచి, పూతమందు పలచగా రాశాడు. ఈగలు వాలకుండా గూటికి పలచని బట్ట కట్టమన్నాడు. పోతులను వేరువేరు గూళ్ళలో పెట్టమన్నాడు. గడ్డ లేచినదాన్ని డాక్టరే కోయాలి, తీసుకుపోతానన్నాడు.

ఓబలప్ప నా దగ్గర సిరా అడిగి తీసుకొని, ఆ కుందేలు చెవి లోపల చిన్న చుక్క పెట్టాడు. వేరే కుందేలుతో మారుస్తాడేమోనని. చిన్నన్న అది చూసీ చూడనట్టు కుందేలును పెట్టిన బుట్ట మూత కట్టుకున్నాడు.

తర్వాతి ఆదివారం కుందేలు తిరిగి వచ్చింది. వీపు మీద నాలుగు కుట్లు, చెవిలో సిరా చుక్క. వచ్చీ రాగానే మేతకు దిగింది. ఆ మధ్యాహ్నం ఓబలప్ప అక్కయమ్మ చేత రామకృష్ణప్ప ఇంటికి ఒక గిన్నె పాయసం పంపించాడని విన్నాను. ఎందుకు పంపించారని రామకృష్ణప్ప అడిగాడో లేదో తెలియదు.

మూడో ఆదివారం చిన్నన్న కుట్లు విప్పడానికి వచ్చాడు. నేను లేను. అక్కయమ్మ కాఫీ పెడుతోందట. చిన్నన్న కుందేలును ఒళ్ళో పట్టుకొని దారం లాగుతున్నాడు. పక్కులన్నీ రాలిపోయి, కొత్త బొచ్చు పొట్టిగా మొలుస్తోంది. అప్పుడు ఓబలప్ప అడిగాడట.

"ఇంగ ఉద్యోగాలు అయిపోయినాయి. నేను ఎవరికీ చెప్పను. ఒక్క మాట చెప్పు. అప్పుడు నువ్వు గనిలో నుంచి ఏమన్నా బయటికి తీసినావా?"

"లేదన్నా," అన్నాడట చిన్నన్న. మిగిలిన కుట్లు విప్పి, చేతులు కడుక్కొని, సంచీ తీసుకొని వెళ్ళిపోయాడు. కాఫీ తాగలేదు. మళ్ళీ రాలేదు. తర్వాత ఏ కుందేలుకు ఏమైనా, ఓబలప్పే బస్సెక్కి డాక్టరు దగ్గరికి వెళ్ళేవాడు. చిన్నన్న అక్కడ ఉన్నా పలకరించుకొనేవాళ్ళు కాదట.

గనులు మూసేసిన ఏడాది, ఒక సాయంత్రం ఓబలప్పే ఈ సంగతి ఎత్తాడు.

"అడిగి ఉండకూడదమ్మా," అన్నాడు. అంతలోనే, "అయినా లేదు అని చెప్పేటప్పుడు వాడు నా పక్క చూడలేదు," అన్నాడు.

లోపల బియ్యం ఏరుతున్న అక్కయమ్మ తల ఎత్తకుండానే అంది: "చేతిలో కుందేలు గింజుకుంటా ఉంటే, నీ పక్క ఎట్ల చూస్తాడు?"