చీరకు అందని బెంచీ

నా చిన్నప్పుడు లెక్కల్లో నాకు తప్పు రాదని మహా పొగరుగా ఉండేది. నాన్న ఉద్యోగ వీసా మీద జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో ఉద్యోగం చేస్తున్న రోజులవి. క్లాసులో అందరికంటే ముందు నేనే నోటుబుక్కు మూసేసేదాన్ని. చేసిన లెక్క మళ్లీ చూసుకోవడం చేతకానివాళ్ల పని అనుకునేదాన్ని.

ఆ ఏడు ఉగాదికి తెలుగువాళ్లందరం కలిసి ఒక హాలు అద్దెకు తీసుకున్నాం. గోడలకు ఒక్క మేకు కూడా కొట్టకూడదని హాలు చూసుకునే పెద్దాయన ముందే గట్టిగా చెప్పారు. మూడు మీటర్ల ఎత్తున వరుసగా కొక్కేలు మాత్రం ఉన్నాయి. పట్టుచీరల ఒక కొస ఆ కొక్కేలకు, రెండో కొస కింద బరువైన బెంచీలకు కట్టి, పందిరిలా ఏటవాలుగా దించాలనుకున్నారు. ముడులకు పోను చీర ఐదు మీటర్లు మిగులుతుంది. గోడకు ఎంత దూరంలో బెంచీలు వేయాలో చెప్పమని నాన్న నలుగురిలో నన్ను అడిగారు. స్కూల్లో అప్పుడే లంబకోణ త్రిభుజం నేర్పారు. ఐదు వర్గం, మూడు వర్గం టకటకా కలిపేసి, వర్గమూలం తీసి, ఐదు మీటర్ల ఎనభై మూడు సెంటీమీటర్లని ప్రకటించాను.

కొత్తగా కాకినాడ నుంచి వచ్చిన ఒక బాబాయి టేపుతో కొలిచి గుర్తులు పెట్టారు. మా మధ్య ఆయనకు అదే మొదటి పండగ. బెంచీలు మోసుకొచ్చి వేశాక చూస్తే, చీర మీటరుకు పైగా దూరంలోనే ఆగిపోయింది. టేపు పట్టుకోవడం రానివాడికి వీసా ఎలా ఇచ్చారని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. బాబాయి కూడా నవ్వుతూనే మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ మళ్లీ కొలుస్తున్నారు. ఆయన చెవులు ఎర్రబడిపోయాయి. వాళ్లతోపాటు నేనూ నవ్వాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా పక్కింటి అక్కది వరంగల్. ఆకెన్ యూనివర్సిటీలో మాస్టర్స్ చదువుతూ, ఇంటర్న్‌షిప్ కోసం మా ఊరొచ్చి ఉండేది. నా లెక్క కాగితం చూసింది. ఒక చీర నా చేతికిచ్చి, గోడ మొదట్నుంచి బెంచీ దాకా నేల మీద పరవమంది. పరిచాను. ముడులు లేకుండా, మొత్తం చీర విప్పినా బెంచీ అందలేదు.

"కిందనే అందకపాయె. ఇగ మూడు మీటర్ల పైకెళ్లి ఎట్ల అందుతది?" అంది, నాకొక్కదానికే వినపడేలా.

తప్పెక్కడుందో అప్పుడు తెలిసింది. ఏటవాలుగా దిగే చీరే అన్నిటికంటే పొడవైన భుజం. దాని వర్గంలోంచి గోడ ఎత్తు వర్గం తీసెయ్యాల్సింది పోయి కలిపేశాను. ఇరవై అయిదులోంచి తొమ్మిది పోతే పదహారు. నాలుగు మీటర్లు. బెంచీలు కాస్త జరపమని చెబుదామని లేచాను. అలా చెబితే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు.

అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. "మరి గాయనకు ఎవలు చెప్తరు?"

హాలు మధ్యకు నడవడానికి నాకు చాలాసేపే పట్టింది. "బాబాయ్, మీరు కరెక్టుగానే కొలిచారు. నా లెక్కే తప్పు," అన్నాను, అందరికీ వినపడేలా.

ఆయన తలెత్తి, "హమ్మయ్య. ఇందాకట్నుంచి టేపు మీదే అనుమానం వచ్చేసిందమ్మా నాకు," అన్నారు. మోకాళ్లు దులుపుకుని లేచి, నాలుగు మీటర్ల దగ్గర కొత్త గుర్తు పెట్టారు. ఆటపట్టించినవాళ్లే వచ్చి బెంచీలు పట్టారు.

ఆ తర్వాత జీవితమంతా లెక్కలతోనే బతికాను. ఆ పొగరు పూర్తిగా పోయిందని చెప్పను. ఇప్పుడు జుట్టు నెరిసింది, అయినా ఏ జవాబునూ ఒకసారి నేల మీద పరిచి చూడకుండా బయటపెట్టను. ఒక్కోసారి అప్పటికీ తప్పుతుంది. అప్పుడు దిద్దుకోవడానికి కూర్చునే ముందు, నా అంకెను నమ్మి ఎవరు మోకాళ్ల మీద ఉన్నారో వాళ్ల దగ్గరికి వెళతాను.