బెంగ అంటే ఏమని అడిగిన ఆంటీ

పోయిన వారం మా పక్కింటి ఆంటీ నిద్రలోనే వెళ్లిపోయారు. పొద్దున్నే ఆవిడ కూతురు మా తలుపు తట్టి, ఇంగ్లీషులో రెండు ముక్కల్లో సంగతి చెప్పి, నన్ను పట్టుకుని ఏడ్చింది. ఊరికి ఈ చివర, ఫ్లాట్ బుష్‌లో మా రెండిళ్ల మధ్య ఒక్క చెక్క కంచె ఉంది, అంతే. ఆ కంచె మీదుగా ఇక కరివేపాకు రాదని, "ఏమి చేస్తున్నావు?" అన్న కేక వినపడదని ఇంకా నా బుర్రకెక్కలేదు.

ఆవిడ ఫిజీలో పుట్టి పెరిగిన తెలుగు మనిషి. వాళ్ల నానమ్మ దగ్గర విని నేర్చుకున్నదే ఆవిడకు వచ్చిన తెలుగు. అందులో 'మీరు' అనే మాట లేదు. మా మామగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు "నువ్వు టీ తాగుతావా?" అని ఆవిడ అడిగితే ఆయన మొహం చూడాలి. రెండో రోజు నుంచి ఆయనే కంచె దగ్గర కాచుకుని నిలబడేవారు.

బాబు పుట్టినప్పుడు సాయానికి వచ్చిన మా అమ్మ, వీసా గడువు ముగిసి వెళ్లిపోయాక నాకేదో అయింది. ఆఫీసు నుంచి వచ్చి, ఇంటిముందు కారు ఆపి, అందులోనే కూర్చుండిపోయేదాన్ని. లోపల మా ఆయన చేతుల్లో బాబు ఏడుస్తున్నా కాళ్లు కదిలేవి కావు. ఆయన పని ఒత్తిడి అనుకున్నారు. కారు ఆగినా తలుపు చప్పుడు రావడం లేదని గమనించింది ఆంటీ ఒక్కరే. ఒక సాయంత్రం వచ్చి అద్దం మీద తట్టారు.

"కారు పాడైందా? నువ్వు పాడైనావా?"

నవ్వబోయి ఏడ్చేశాను. "బెంగగా ఉంది ఆంటీ," అన్నాను.

"బెంగ అంటే ఏమి?"

ఆ మాట ఆవిడకు తెలియదు. హోమ్‌సిక్ అంటే సరిపోలేదు, డిప్రెషన్ అంటే అతకలేదు. బాబుకు స్నానం చేయిస్తుంటే అమ్మ చేతులే గుర్తొస్తాయని, వాడికి నేనొక్కదాన్ని చాలనేమోనని భయమని చెబుతూ పోయాను. ఆవిడ పక్క సీట్లో కూర్చుని, అర్థం కాని చోటల్లా ఆపి అడిగారు. ఆ రోజు కారు దిగి ఇంట్లోకి వెళ్లగలిగాను.

"నేను వింటాను. బాగుచేయడం నాకు రాదు. అది వచ్చిన మనిషి దగ్గరికి పోదాం," అన్నారు మర్నాడు.

తెలుగు కౌన్సిలరే కావాలని పట్టుబట్టాను. భాష కలిస్తే చాలు, మిగతాదంతా కలుస్తుందనుకున్నాను. సిటీ సెంటర్లో ఒకావిడ దొరికారు. నేను బెంగ అనగానే, "మనందరికీ ఉండేదేనమ్మా, నాకు తెలీదా?" అని తల ఊపి, వ్యాయామం సంగతికి వెళ్లిపోయారు. మంచి మనిషే. కానీ నేను చెప్పాల్సింది చెప్పకుండానే లేచి వచ్చేశాను. బయట ఆంటీ ఆపి ఉంచిన కారెక్కి, లోపం నాలోనే ఉందేమో, ఇక వద్దని ఆంటీతో అన్నాను.

"చెప్పు కరిస్తే చెప్పు మారుస్తావు. కాలు మారుస్తావా?" అన్నారు ఆంటీ. కారు కదిలించాక మళ్లీ అన్నారు: "నాకు తెలుసు అనే మనిషి దగ్గర ఎక్కువ కూర్చోకు. ఏమి అని అడిగే మనిషిని వెతుకు."

అలా వెతుకుతూ ఊరికి అవతలి చివరనున్న ఆల్బనీ దాకా వెళ్లాం. ఇంత దూరమా అని ట్రాఫిక్‌ను తిడుతూనే ఆంటీ డ్రైవ్ చేశారు. అక్కడి కౌన్సిలర్, ఈ దేశంలోనే పుట్టి పెరిగిన కివీ ఆవిడకు తెలుగు అనే భాష ఉందనే తెలియదు. బెంగ అన్న మాట నా నోటి నుంచి జారగానే పెన్ను కింద పెట్టి, "ఆ మాట ఇంకోసారి అంటారా? అంటే ఏమిటి?" అని ఇంగ్లీషులో అడిగారు. గంట ఎలా గడిచిందో తెలియలేదు. బయటికొచ్చి చెబితే, ఆంటీ ఫ్లాస్క్ మూత తీస్తూ "దొరికింది," అని నాకు టీ పోశారు.

నేను కోలుకున్నాక కూడా ఆల్బనీకి నన్ను ఒంటరిగా పంపలేదు. "వచ్చేటప్పుడు నువ్వు ఏడుస్తావు. రోడ్డు కనపడదు," అనేవారు. అది నిజమే. ఆవిడ లేకపోతే నా కొడుకుకు తల్లి కార్లోనే మిగిలిపోయేది.

మొన్న ఒక్కదాన్నే ఆల్బనీ వెళ్లాను. ఆంటీ పోయారని చెప్పాను. కౌన్సిలర్ పెన్ను కింద పెట్టారు. తర్వాత తన కివీ యాసలో మెల్లగా, "బెంగా?" అని అడిగారు.

అవునన్నాను. గంటసేపు ఆంటీ గురించే చెప్పి బయటికొచ్చాను. అలవాటు కొద్దీ కారు ఎడమవైపు తలుపు తీసి, కూర్చుని, సీటుబెల్టు పెట్టుకున్నాను. స్టీరింగ్ ముందు ఎవరూ లేరు.